ఎనభై ఎనిమిదో స్తంభం పేరు

నమోదు 1. జూలై 2

ఈ పనిలో చేరి పది రోజులయింది. నీళ్ల మీదుగా ఎగిరే గాలిపడవలు దారి తప్పినప్పుడల్లా ఎందుకు తప్పాయో రాయడం నా పని. ముప్పై ఏళ్లు పత్రికలో చేశాను కాబట్టి రాయడం వస్తుందని తీసుకున్నారు. మెట్టగట్టు డిపోలో పడవల షెడ్డు పక్కన గది ఇచ్చారు. పొద్దున్నే పైకప్పు ఎక్కి సౌరపలకల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి. తుడవకపోతే మధ్యాహ్నానికి కరెంటు ఉండదు.

గదిలో పదకొండు ఫైళ్లున్నాయి. గడిచిన పద్నాలుగు నెలల్లో పదకొండుసార్లు పడవలు ఒక స్తంభానికని బయల్దేరి ఇంకో స్తంభానికి చేరాయి. ప్రతి ఫైలు చివరా ఒకటే వాక్యం ఉంది: "కారణం, సరంగు అజాగ్రత్త." అక్షరం తేడా లేదు. మొదటి ఫైలు చూసి మిగతా పదీ ఎత్తిరాసినట్టున్నారు.

పదకొండోది జూన్ 18న జరిగింది. పడవ నడిపిన సరంగు పేరు కామాడి తాయారు, పడవ 17. పాముకాటు మందు తీసుకుని 88వ స్తంభానికి బయల్దేరి 131వ స్తంభానికి చేరింది. డిపో నుంచి 88కి ముప్పై ఒక్క నిమిషాలు పడుతుంది, 131కి ముప్పై నాలుగు. 131 దగ్గర బ్యాటరీ నింపుకోవడానికి నలభై నిమిషాలు, అక్కణ్ణించి 88కి యాభై రెండు. మందు గంటా ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యంగా అందింది. కాటు తిన్న మనిషి బతికాడు. అతని కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు.

తాయారు లైసెన్సు ఆపేశారు. జూలై 28న విచారణ. తప్పు ఆమెదేనని ఆ రోజు తేలితే లైసెన్సు ఇక పోయినట్టే. దర్యాప్తు నివేదిక రాయాల్సింది నేను.

నమోదు 2. జూలై 4

డైరెక్టరు చక్రధరం గారు పిలిచి టీ ఇచ్చారు. మర్యాదస్తుడు. మొదటే ఒక కాగితం నా ముందుకి జరిపారు.

"పేర్లు ఒకలాగ వినబడి పొరపాటు జరుగుతోందని మీరూ అంటారేమోనని ముందే చూపిస్తున్నాను. ఇదివరకు ఇద్దరన్నారు. రెండు వందల పన్నెండు పేర్లూ చిలకకి వినిపించి చూశాం. వెయ్యి గొంతులతో వినిపించాం. ఒక పేరుని ఇంకో పేరనుకున్నది సున్నా సార్లు."

చిలక అంటే పడవలో ఉండే పెట్టె. సరంగు నోటితో చెప్పిన చోటికి పడవని తీసుకెళుతుంది. దానికి వేరే పేరుందని ఫైళ్లు చదివితేనే తెలిసింది.

స్తంభాల సంగతీ రాసి పెట్టాలి. ఇరవై నాలుగేళ్ల కిందట ఉప్పెనలో వచ్చిన నీళ్లు వెనక్కి పోలేదు. రెండు వందల పన్నెండు ఊళ్లు కిందే ఉండిపోయాయి. ఊరికొక ఇనప స్తంభం పాతి, ఆ రోజు ఆ ఊళ్లో పోయిన ఒక పెద్ద మనిషి పేరు పెట్టారు. మిగిలినవాళ్లు స్తంభాల చుట్టూ తేలే ఇళ్లల్లో ఉంటున్నారు. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే: నీళ్లు, ఒక కడ్డీ, పది ఇళ్లు. పేరు చెప్పకుండా ఎవరూ ఎక్కడికీ వెళ్లలేరు.

"ఎనభై ఎనిమిది బంగారయ్య," అన్నారు చక్రధరం గారు. "నూట ముప్పై ఒకటి నూకరాజు. ఈ రెండు పేర్లకీ పోలికెక్కడుందో మీరే చెప్పండి."

చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

నమోదు 3. జూలై 6

తాయారుకి ముప్పై ఎనిమిదేళ్లు. తొమ్మిదేళ్లుగా సరంగు. లైసెన్సు ఆపేశాక పడవల అడుగులు కడిగే పని ఇచ్చారు. నేను వెళ్లేసరికి పడవ 22 కింద బకెట్టు పెట్టుకుని కూర్చుంది. అది ఆమె పడవే.

"ఆ రోజు మీ పడవ ఎందుకు తియ్యలేదు?"

"బ్యాటరీ ఉబ్బిందండి. మెకానిక్ బాషా గారు షెడ్డులో పెట్టేశారు. పుణ్యవతి సెలవులో ఉందని దాని పడవ ఇచ్చారు. తొమ్మిదేళ్లలో ఇంకోళ్ల పడవెక్కడం అదే మొదలండి."

"ఎక్కాక చిలకకి ఏం చెప్పారు?"

"ఎక్కడికెళ్లాలో చెప్పానండి."

"ఏ మాట చెప్పారు?"

"రోజూ చెప్పే మాటేనండి."

"రోజూ చెప్పే మాటేది?"

బ్రష్షు బకెట్లో ముంచి తీసింది. "మీరు పేపర్లో చేసేవోరంట కదండీ. అందర్నీ ఇలాగే అడిగేవోరా?"

"ఇలాగే అడిగేవాణ్ణి."

"పాపం," అంది. నన్నందో, నేను అడిగినవాళ్లనందో తెలియలేదు.

తరవాత తనే చెప్పింది. తెర మీద తను చెప్పిన మాటే వచ్చిందట. పక్కన ముప్పై నాలుగు నిమిషాలని చూపించిందట. మూడు నిమిషాల తేడా ఎదురుగాలి వల్ల అనుకుంది. సన్నటి వాన, నీళ్లకీ ఆకాశానికీ మధ్య గీత లేదు. స్తంభం దగ్గర దిగి, ఇళ్లు తనకి తెలిసిన ఇళ్లు కావని చూసేదాకా అనుమానం రాలేదు.

చెప్పిన మాటేమిటో మాత్రం రెండు గంటలు అడిగినా చెప్పలేదు. దాస్తోందనుకున్నాను. అలా అనుకున్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నమోదు 4. జూలై 11

పడవ 17లో చిలకతో మాట్లాడిన మాటల టేపు అడిగాను. ప్రమాదం జరిగితే తప్ప టేపు ఇవ్వకూడదట. ప్రమాదమంటే పడవ మునగడం. దారి తప్పడం ప్రమాదం కాదు, అజాగ్రత్త. అజాగ్రత్త అని తేల్చడానికి టేపు అక్కర్లేదు. మూడు కాగితాలు పెట్టాను. నాలుగో రోజున ఇచ్చారు, చదివి కాదు, విసిగి. దాంతోపాటు జూన్ నెల టేపులు అరవై గంటలవి తెచ్చుకున్నాను.

ముందు పడవ 17. తాయారు గొంతు: "మావయ్యగారి దగ్గరికి పోనీ, బేగా."

చిలక: "మావయ్యగారు. ముప్పై నాలుగు నిమిషాలు."

అంతే.

మిగతా అరవై గంటలూ మాటల్లేని చోట్లు దాటేసుకుంటూ విన్నాను. గీతలు పెట్టి లెక్కేశాను. స్తంభాల ప్రస్తావన 1,340 సార్లు వచ్చింది. అందులో కార్యాలయం పెట్టిన పేరు పలికింది 71 సార్లు. ఆ 71లో 52 వాతావరణం చెప్పే మర పలికినవి. 19 మెట్ట ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన ఇద్దరు సరంగులవి. మిగతా 1,269 సార్లూ వినబడినవి: మావయ్యగారు, పెదమావయ్యగారు, తాతగారు, పెద్దాయన, మా ఇంటాయన వాళ్ల నాన్న, అత్తగారు. ఒకామె "ఆరి దగ్గరికి", అంటే వారి దగ్గరికి, అని మాత్రమే అంటుంది. చిలక "ఆరు, ఇరవై రెండు నిమిషాలు" అంటుంది. పడవ 1లో ఒక మగగొంతు "నాన్నగారి మీదుగా పోనీ" అంటుంది. పడవ 1 ఎవరిదో ఇంకా చూడలేదు.

వెయ్యి గొంతులతో పరీక్ష పెట్టినవాళ్లు, ఎవరూ పలకని పేర్లకి పెట్టారు.

మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్లి పుణ్యవతిని పట్టుకున్నాను. పడవ 17 ఆమెది. యాభై ఏళ్లుంటాయి, గొంతు పెద్దది.

"స్తంభాన్ని పేరు పెట్టి పిలవొచ్చు కదా?"

"స్తంభానికి పేరెక్కడిదండీ. ఆరి పేరు కదా అది."

"నూకరాజు మీకేమవుతారు?"

ఆమె అటూ ఇటూ చూసింది. "మెల్లిగా అనండి బాబూ. మా మావగారండి."

నమోదు 5. జూలై 12

బాషా ఇరవై ఏళ్లుగా పడవలు బాగుచేస్తున్నాడు. చిలక పెట్టె విప్పి చూపించాడు.

"సరంగు కొత్త మాట చెప్తే ఇది అడుగుద్ది సార్, ఏ స్తంభమని. తెర మీద ఏలు పెట్టి చూపిస్తారు. ఒక్కసారి చాలు. ఆ తరవాత అడగదు. పెంచినోళ్ల మాటే దానికి మాట."

"పెంచినవాళ్లు దిగిపోయి వేరేవాళ్లు ఎక్కితే?"

"దానికేం తెలుసు సార్. గొంతు చూడదు, మాట చూస్తాది. చిలక సరంగుతో పోదు, పడవలోనే ఉంటాది."

అంటే పడవ 17కి మావయ్యగారంటే నూకరాజు. పడవ 22కి బంగారయ్య. తాయారు తన మావగారిని అడిగితే పడవ ఆమెని పుణ్యవతి మావగారి దగ్గరికి తీసుకెళ్లింది. చిలక తప్పు చేయలేదు. తాయారూ తప్పు చేయలేదు.

షెడ్డులో డ్యూటీ రిజిస్టరుంటుంది, ఏ రోజు ఏ పడవ ఎవరు తీశారో. పదకొండు ఫైళ్లూ తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. పదకొండుకి పదకొండూ వేరేవాళ్ల పడవ తీసిన రోజులే. ఫైళ్లున్న గదికీ రిజిస్టరున్న బల్లకీ మధ్య అరవై అడుగులు. పద్నాలుగు నెలల్లో ఎవరూ నడవలేదు.

నమోదు 6. జూలై 14

88వ స్తంభానికి వెళ్లాను. మెట్ట నుంచి వచ్చిన కుర్ర సరంగు తీసుకెళ్లాడు. "బంగారయ్య" అని గట్టిగా అన్నాడు. సరిగ్గా అక్కడికే వెళ్లాం.

వేళ్లు పోగొట్టుకున్న మనిషి పేరు యేసురత్నం. వలలు అల్లుతాడు. నేను వెళ్లేసరికి ఎడమచేత్తో ముడి వెయ్యడం నేర్చుకుంటున్నాడు. తేలే ఇంటి అరుగు మీద పాత వల పరిచి ఉంది.

"ఆఫీసోళ్లు వచ్చి వెళ్లారండి. అమ్మాయి తప్పేనని రాసిమ్మన్నారు. నేను రాయనన్నాను. రాద్దామన్నా ఏళ్లు లేవు కదండీ." నవ్వాడు. నేను నవ్వలేదని చూసి వల మీదికి వంగాడు.

"ఆలస్యమైనందుకు కోపం లేదా?"

"ఉందండి. ఎందుకుండదు? ఎవరి మీద పెట్టుకోవాలో తెలీట్లేదు. ఆ పిల్ల పడవ దిగి ఊగే చెక్కల మీద పరిగెత్తుకొచ్చింది. దాని మీద పెట్టుకోమంటారా?"

బంగారయ్య ఎవరని అడిగాను. ఉప్పెన రోజున ఇళ్ల కప్పుల మీదున్నవాళ్లని తన నాటుపడవలో గుడి మిద్దెకి చేర్చాడట. రెండుసార్లు తీసుకొచ్చాడు. రెండోసారి తెచ్చినవాళ్లలో యేసురత్నం ఉన్నాడు. మూడోసారి వెళ్లి రాలేదు.

"మీరు ఆయన్ని ఏమని పిలిచేవారు?"

"బంగారయ్య గారండి. ఇంకేమని పిలుత్తాం."

నమోదు 7. జూలై 17

పన్నెండోది జరిగింది.

సరంగు లోవరాజు, తనది కాని పడవ 40. "తాతగారి దగ్గరికి" అన్నాడు. 176వ స్తంభానికి వెళ్లాల్సిన పడవ 9వ స్తంభం వైపు వెళ్లింది. అతని తాతగారు కాదు, ఇంకొకరి తాతగారు. మధ్యలో బ్యాటరీ అయిపోయి నీళ్ల మీద వాలింది. తొమ్మిది గంటలు తేలాడు. చేపల పడవవాళ్లు చూసి లాక్కొచ్చారు. బడి పుస్తకాలు మోస్తున్నాడు.

"భయమెయ్యలేదా?" అని అడిగాను.

"మొదటి రెండు గంటలు ఏసిందండి. ఆ తరవాత మూడో తరగతి సైన్సు పుస్తకం మొత్తం చదివేశాను. మా రోజుల్లో ఇంత బాగా లేదండి."

అక్టోబరులో తుఫాన్లు మొదలవుతాయి. అప్పుడు తొమ్మిది గంటలు నీళ్ల మీద ఉంటే పుస్తకం చదివే వీలుండదు. ఈ వాక్యం నివేదికలో పెట్టాను. ఫైలు మీద కారణం ముందే రాసి పంపారు: సరంగు అజాగ్రత్త.

నమోదు 8. జూలై 20

మొన్న నాలుగు పేజీల నివేదిక ఇచ్చాను. లెక్కలన్నీ పెట్టాను. అడిగింది ఒక్కటే: నేర్చుకున్న మాటలు పడవలో కాకుండా సరంగు దగ్గర ఉండేలా మార్చండి. వేలంత ముక్కలో పడతాయని బాషా చెప్పాడు. మెడలో వేసుకోవచ్చు.

చక్రధరం గారు రెండుసార్లు చదివారు. చదువుతూ గీతలు పెట్టారు. బాగా చదివే మనిషే.

"చిలకలో లోపముందని రాస్తే ఈ మధ్యాహ్నం నుంచి పడవలన్నీ ఆపాలి. అది నియమం. పడవలు ఆగితే మందులు, తాగే నీళ్లు ఎవరు చేరుస్తారు?"

"చిలకలో లోపముందని నేను రాయలేదండీ. పడవలు మారుతున్నాయి, మాట మారట్లేదు అని రాశాను."

"మాట మారితే సరిపోతుంది కదా."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. లైసెన్సున్న ప్రతి వ్యక్తీ అధికారిక నామాలు మాత్రమే పలకాలి. లైసెన్సున్న ప్రతి వ్యక్తీ పరీక్ష చిలక ముందు నిలబడి 212 పేర్లూ పలకాలి. 212కి 212 రావాలి.

పేర్ల చివర "గారు" చేర్చవచ్చా అని కాగితం పెట్టాను. చేరిస్తే పటాలన్నీ మళ్లీ అచ్చు వేయాలని జవాబు వచ్చింది.

నమోదు 9. జూలై 23

మూడు రోజులు పరీక్ష జరిగింది. నేను మూల కుర్చీలో కూర్చుని రాసుకున్నాను.

పరీక్షకి వచ్చిన సరంగులు 58 మంది. అన్నీ చెప్పినవాళ్లు 17. మిగతా 41 మందికీ 211 వచ్చాయి. నలభై ఒక్కమందికీ సరిగ్గా ఒక్కటే తక్కువ. రెండు తప్పినవాళ్లు లేరు. ఎవరికి ఏ పేరు తప్పిందో రాసుకున్నాను. నాలుగు జతల తోడికోడళ్లకి తప్ప, ఒకరికి తప్పిన పేరు ఇంకొకరికి తప్పలేదు. తాయారు నూకరాజుని గడగడా చెప్పేసింది. పుణ్యవతి బంగారయ్యని చెప్పేసింది.

తన వంతు స్తంభం వచ్చినప్పుడు పుణ్యవతి కొంగు సర్దుకుని, "నూకరాజు గారు," అంది.

"అలాంటి గుర్తు లేదు. మళ్లీ చెప్పండి."

"నూకరాజు గారు."

"అలాంటి గుర్తు లేదు. మళ్లీ చెప్పండి."

"నీకు పెంపకం లేదు," అని చిలకతో చెప్పి దిగిపోయింది. చిలక దానికీ అదే జవాబిచ్చింది.

లోవరాజు ఎనిమిదిసార్లు నోరు తెరిచాడు. "రావట్లేదండి" అన్నాడు. తాతగారి పొట్ట మీద పడుకుని పెరిగాడట. తాయారు 88 దగ్గర నోరు తెరవలేదు. పరీక్ష పెట్టినాయన పది నిమిషాలు చూశాడు. ఆమె కూడా ఆయన్ని చూసింది.

నలభై మందికి ఆరు నెలల గడువిచ్చారు. తాయారుకి ఇవ్వలేదు. ఆమె మీద విచారణ నడుస్తోంది కాబట్టి 28న పలకాలి, లేకపోతే లైసెన్సు రద్దు.

సాయంత్రం పడవ 1 ఎవరి పేర ఉందో రిజిస్టరులో చూశాను. తనిఖీలకి వెళ్లే పడవ. డైరెక్టరు గారిది. ఆయనకీ సరంగు లైసెన్సుంది. ఆయన ఇంకా పరీక్షకి రాలేదు.

నమోదు 10. జూలై 26

తాయారుని బతిమాలాను. బతిమాలడం నా పని కాదు. అయినా బతిమాలాను.

"మూడక్షరాలో నాలుగక్షరాలో. ఒక్కసారి చెప్పండి. అక్కడ ఎవరూ ఉండరు. నేనూ, చక్రధరం గారూ, ఒక పెట్టె. చెప్పేసి వచ్చి మీ పడవ తీసుకోండి. ఆ తరవాత మీకేం కావాలంటే అది పిలుచుకోండి."

"మీరు చెప్పండి, నేను తలూపుతాను."

"మీ నోటితో చెప్పాలి."

"రాయమంటే రాసేత్తానండి. వందసార్లు రాసేత్తాను. పిల్లల బడి కాగితాల్లో రాయలేదా?"

"ఆయన్ని మీరు చూశారా?"

"లేదండి. నా పెళ్లి ఉప్పెన తరవాత."

"ఎన్నడూ చూడని మనిషి కోసం తొమ్మిదేళ్ల ఉద్యోగం పోగొట్టుకుంటారా?"

అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"చూసుంటే కాళ్లకి నీళ్లిచ్చేదాన్ని. అన్నం పెట్టేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే నేను మూతి ముడుచుకునేదాన్ని. ఏదీ లేదు కదండీ. మా అత్తగారు పెళ్లైన రోజు నాకు చెప్పింది ఒక్కటే, ఆరి పేరు ఇంట్లో ఎవరం అనం అని. కోడలిగా ఆయనకి నేను చేసింది అదొక్కటే. పెట్టె కోసం అదీ మానేయమంటారు."

 నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. గదికి వచ్చి పలకల మీద ఉప్పు రెండోసారి తుడిచాను. అవసరం లేదు.

నమోదు 11. జూలై 28

పదకొండింటికి విచారణ. బల్ల మీద పరీక్ష చిలక, నీళ్ల గ్లాసు, నా నివేదిక. చక్రధరం గారు నివేదిక తెరవలేదు.

"తాయారు గారూ, ఎనభై ఎనిమిదో స్తంభం పేరు చెప్పండి. రికార్డు కోసం."

తాయారు నిలబడింది. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకొచ్చింది. "రాసివ్వమంటారాండీ," అంది.

"పలకాలమ్మా."

తాయారు తల అడ్డంగా ఊపింది. ఆయన కలం తీశారు.

నేను ఉత్తర్వు కాపీ ఆయన ముందు పెట్టాను. "రద్దు రాసే ముందు ఒక చిన్న సంగతండీ. లైసెన్సున్న ప్రతి వ్యక్తీ అని రాశారు. యాభై తొమ్మిది లైసెన్సులున్నాయి. యాభై ఎనిమిది మంది వచ్చారు. లెక్క పూర్తి కాకుండా నేను సంతకం పెట్టలేను."

"ఎవరు రాలేదు?"

"మీరండీ."

ఆయన చిన్నగా నవ్వారు. తప్పు ఒప్పుకునే మర్యాద ఉన్న మనిషి. "నిజమే," అని కుర్చీ చిలక వైపు తిప్పుకున్నారు. మొదటి పేరు నుంచి మొదలుపెట్టారు. జాబితా చూడకుండా చెబుతున్నారు. ఎనభై ఎనిమిది దగ్గర "బంగారయ్య" అన్నారు. తాయారు తల దించుకుంది. నూరు దాటారు. నూట యాభై దాటారు. 166 అయింది.

167 దగ్గర ఆగారు.

167వ స్తంభం పేరు సత్తిరాజు. డైరెక్టరు గారి తండ్రి.

ఆ సంగతి ఆయన మరిచిపోలేదు, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదంతే. ముఖం చూస్తే తెలిసింది. గొంతు సవరించుకున్నారు.

"శ్రీ సత్తిరాజు గారు."

"అలాంటి గుర్తు లేదు. మళ్లీ చెప్పండి."

"సత్తిరాజు గారు."

"అలాంటి గుర్తు లేదు. మళ్లీ చెప్పండి."

గ్లాసెత్తి నీళ్లు తాగారు. సగం దాకా పలికి ఆగారు. చిలక ఆ సగానికీ అదే జవాబిచ్చింది. నాలుగోసారి ఆయన ప్రయత్నించలేదు.

నేను జూన్ టేపులో ఆ ముక్క కోసి ఉంచుకున్నాను, "నాన్నగారి మీదుగా పోనీ" అన్నది. వినిపిద్దామని తెచ్చాను. జేబులోంచి తియ్యలేదు. అవసరం కనిపించలేదు.

తాయారు వెళ్లి ఖాళీ గ్లాసులో నీళ్లు పోసి ఆయన ముందు పెట్టింది. "ఊరుకోండి సార్," అంది. "రాదు అది."

చక్రధరం గారు ఫైలు మూసి, "విచారణ వాయిదా," అన్నారు.

నమోదు 12. ఆగస్టు 9

పన్నెండు రోజుల తరవాత ఉత్తర్వు వచ్చింది. రెండు వాక్యాలు. "సాంకేతిక కారణాల రీత్యా కామాడి తాయారు లైసెన్సు పునరుద్ధరించడమైనది. పేర్ల పరీక్ష తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది." ఆ సాంకేతిక కారణమేమిటో రాయలేదు. నా నాలుగు పేజీలు పరిశీలనలో ఉన్నాయట. పన్నెండు ఫైళ్ల చివరి వాక్యం మార్చమని కాగితం పెట్టాను. మూసిన ఫైలు తెరవకూడదని నియమం. తాయారు ఫైల్లో కారణం ఇప్పటికీ అజాగ్రత్తే.

షెడ్డులో మాత్రం కొంత మారింది. ఏ ఉత్తర్వూ లేకుండా సరంగులు పడవల తలుపుల మీద సుద్దతో రాసుకున్నారు. 17 తలుపు మీద: "ఈ పడవలో మావయ్యగారు = నూకరాజు గారు (131). పరాయివాళ్లు చూసి ఎక్కండి." 22 మీద తాయారు చేతిరాత. నాలుగక్షరాలు, గుండ్రంగా, పక్కన గారు.

వాన పడితే సుద్ద పోతుంది కదా అని బాషాతో అన్నాను. అతను నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"సుద్ద పైకి సార్. లోపల చిలకకి ఒక ప్రశ్న నేర్పాను, సరంగులందరి మాటలూ ఎక్కించాను. పదమూడు పడవలకి అయింది. కాగితం లేదు. మీరు రాస్తే రాసుకోండి."

"డైరెక్టరు గారికి తెలిస్తే?"

"ముందు ఆరి ఒకటో నంబరు పడవకే పెట్టాను సార్. ఆరే వచ్చి పెట్టమన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

జరిగింది రాయడం నా పని. రాశాను. నివేదిక వెళ్లేది డైరెక్టరు గారి బల్ల మీదికే.

మధ్యాహ్నం యేసురత్నానికి వల దారం తీసుకెళ్లే పని పడింది. 22 బ్యాటరీ మళ్లీ ఉబ్బింది. కొత్తది రావడానికి నెల పడుతుందట. తాయారు 17 తలుపు తీసి ఎక్కింది. నేను వెనక దారం బస్తాల మధ్య కూర్చున్నాను. సన్నగా వాన.

"మావయ్యగారి దగ్గరికి పోనీ," అంది.

చిలక వెంటనే కదల్లేదు.

"ఎవరి మావయ్యగారు?"

తాయారు వెనక్కి తిరిగి నన్ను చూసింది. తరవాత పెట్టె వైపు తిరిగింది.

"పుణ్యవతి వాళ్లది కాదు. మా మావయ్యగారు. తాయారు మావయ్యగారు."

తెర మీద 88 వెలిగింది. గడియారం చూసుకున్నాను. ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది.